పేరు తీసేసిన పాట

గుమ్మం బయట ఎవరో పాట ఎత్తుకున్నారు. లోపల చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న గంగమణి చేతులు ఆగిపోయాయి.

"పాలపిట్ట వచ్చె సూడు పొలము గట్టుకూ..."

గొంతు వణుకుతోంది. శ్రుతి ఎటో పోతోంది. అయినా ఆ పాటను అంత ధీమాగా తప్పు పాడే మనిషి ఈ జిల్లా మొత్తంలో ఒక్కడే.

"భాస్కరన్నా!" అంటూ మోకాళ్ల మీద చేతులానించుకొని లేచింది.

భాస్కర్ నవ్వుతూ లోపలికొచ్చాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది, మీసానికి మాత్రం రంగేశాడు. వెనకాల ఇన్‌షర్టు చేసుకున్న కుర్రాడొకడు చెప్పులు విప్పుతున్నాడు.

"ఏం చెల్లె, గొంతున్నదా, కాకులెత్తుకపోయినయా?"

"గొంతుకేమాయె. మోకాళ్లే మాటింటలేవు. కూసోండ్రి, చాయ్ పెడ్త."

చాయ్ తాగాక కుర్రాడు తానెవరో చెప్పుకున్నాడు. పేరు అనిల్‌కుమార్. నిజామాబాద్‌లో ఉంటాడు, కంపెనీల తరఫున సభలూ సంబరాలూ ఏర్పాటు చేయడం అతని పని. పాలపిట్ట బీడీ కంపెనీ వాళ్లు దసరా ముందు బోధన్‌లో పెద్ద కార్యక్రమం పెడుతున్నారు. ఒకప్పుడు ఊరూరా తిరిగిన పాత ప్రచార వ్యాను లాంటిదే ఇంకోటి తయారు చేయిస్తున్నారు. మీద అదే నీలిరెక్కల పిట్ట, అదే మైకు.

"పాట కూడా అదే ఉండాలమ్మా. పాడిన గొంతు కూడా అదే ఉండాలని మా వాళ్లు పట్టుబట్టారు. భాస్కర్ సార్‌ని అడిగితే మీ పేరు చెప్పారు."

"గదెట్ల?" అంది గంగమణి. "బీడీలకు అడ్వర్టైజు బందైంది గద."

"బీడీ కాదమ్మా. ఇలాచీ. ఏలకులు. నోరు వాసన రాకుండా వేసుకుంటారు చూడండి, అది. 'బీడి' అన్న చోట 'ఇలాచి' అంటే చాలు. ఈసారి మీరు వ్యానులో దాక్కోవలసిన పని లేదు. స్టేజి మీద, లైట్ల కింద. 'ఆ గొంతు ఈమెదే' అని అందరికీ చెప్తాం."

ఆ చివరి మాట గంగమణి గుండెలో ఎక్కడో తగిలింది.

ఆమె తండ్రి పోశయ్య చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు దింపే పని చేసేవాడు. సీజనులో బోధన్ అంతా చెరుకు మడ్డి వాసన, కాస్త తీపి, కాస్త పులుపు. ఊరి బయటి దాకా బండ్లు బారులు తీరేవి. తమ వంతు కోసం ఎదురుచూసే బండివాళ్లు కాడి కింద చేరి కాలు చాపుకొని బీడీ వెలిగించేవారు. ఆ బారుల పక్కనే పాలపిట్ట బీడీ కంపెనీ వ్యాను వచ్చి ఆగేది. మెరుపు కోటు తొడుక్కొని భాస్కర్ పైకెక్కి హాస్యం చెప్పేవాడు, బీడీ కట్టలు గాల్లోకి విసిరేవాడు. జనం ఎగబడేవారు.

పాట లేక వ్యాను బోసిగా ఉందని కంపెనీ మేనేజరు అనుకున్నాడు. బతుకమ్మ ఆటలో గంగమణి గొంతు విన్నవాళ్లు ఆమె పేరు చెప్పారు. అప్పటికి ఆమెకు పెళ్లీడు. పోశయ్య ససేమిరా అన్నాడు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు: "నా బిడ్డ గొంతు ఇనవడాలె గని మొకం కనవడొద్దు." వ్యాను వెనక పూల పరదా కట్టారు. దాని వెనక చిన్న ముక్కాలి పీట, ఒక మైకు. అదే గంగమణి లోకం.

"పాలపిట్ట మీద ఏదన్న పాటున్నదా?" అని మేనేజరు అడిగితే ఆమె వెంటనే తల్లి పాట పాడింది. ఈరవ్వ నాట్లప్పుడు పాడే పాట అది. మొదటి వరుస ఉంచేసి మిగతాది భాస్కర్ మార్చాడు.

*పాలపిట్ట వచ్చె సూడు పొలము గట్టుకూ*
*పాలపిట్ట బీడి సూడు పనికి పాటకూ*
*ఒక్క దమ్ము గుంజు అన్న ఒళ్లు నొప్పికీ...*

తరవాత ఏడాదుల తరబడి ఆ వ్యాను తిరగని ఊరు లేదు. వేల్పూర్ అంగడికి వెళితే పసుపు దుమ్ము పరదా దాటి లోపలికొచ్చేది, సాయంత్రానికి ఆమె కనురెప్పలు కూడా పచ్చగా ఉండేవి. మెండోర వైపు పోతే గోదారి గట్టున వ్యాను ఆపి సద్దిమూటలు విప్పుకునేవారు. వర్ని దగ్గరి కాలువ కింద క్యాంపుల్లో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు ఉండేవారు. శివపార్వతి అనే ఇల్లాలు ఒకసారి వ్యాను వెనక్కి వచ్చి, పరదా పైకెత్తి, "ఇంత చక్కటి గొంతు ఈ చీకట్లో కూర్చుందా!" అని ఆవకాయ కలిపిన అన్నం ముద్ద నోట్లో పెట్టింది. గంగమణిని ఆ రోజుల్లో మనిషిగా చూసిన శ్రోత ఆమె ఒక్కతే. వ్యాను నడిపిన రాజమల్లు అద్దంలోంచి పరదా కదలికలు చూసేవాడు. ఆ చూపులే పెళ్లి దాకా వచ్చాయి.

ఇరవై ఏళ్ల కిందట చట్టం వచ్చింది. పొగాకు సరుకులకు ప్రకటనలు కూడదన్నారు. వ్యాను షెడ్డు చేరింది. గంగమణి అంగన్‌వాడీలో ఆయాగా కుదిరి, పిల్లలకు జోలలు పాడి రిటైరయింది. రాజమల్లు కాలం చేశాడు. ఫ్యాక్టరీ గొట్టం నుంచి పొగ ఆగిపోయి కూడా చాలా కాలమైంది. ఆ పాట మాత్రం నిలిచింది. పెళ్లిళ్లలో ముసలి మగవాళ్లు కాస్త మందు పడగానే అదే ఎత్తుకునేవారు. పక్క కుర్చీలో ఆ గొంతు మనిషి కూర్చొని ఉందని వాళ్లకు తెలియదు. ఆమె చెప్పేదీ కాదు. కొంగు చాటున నవ్వుకునేది.

ఇప్పుడు స్టేజి. లైట్లు. "ఆ గొంతు ఈమెదే."

"పాడ్త," అంది.

అనిల్‌కుమార్ మురిసిపోయాడు. వెళ్లబోతూ ఇంకో మాటన్నాడు. "అమ్మా, ఇది మీ అమ్మగారి నాట్ల పాటంట కదా. ముందు ఆ అసలు పాట రెండు మూడు వరుసలు పాడండి. పల్లె వాసన వస్తుంది. అక్కడి నుంచి మెల్లగా ఇలాచీలోకి దిగుదాం."

"గంతే గద," అంది గంగమణి.

వాళ్లు వెళ్లాక చిక్కుడుకాయల ముందు కూర్చొని తల్లి పాట మొదలుపెట్టింది. పాలపిట్ట వచ్చె సూడు పొలము గట్టుకూ. తరవాత? నాలుక దానంతటదే "పాలపిట్ట బీడి సూడు" అంది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ బీడీయే వచ్చింది. కళ్లు మూసుకొని తల్లిని తలుచుకుంది. బురదలో వంగిన వీపు, దోపిన చీరకుచ్చిళ్లు, తడి చేతి గాజులు అన్నీ కనిపించాయి. తల్లి పెదాలు కదులుతున్నాయి. మాట మాత్రం వినబడలేదు.

ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

కొడుకు కూతురు వర్ష ఆమె దగ్గరే ఉండి ఎంబీఏ చదువుతోంది. సంగతి విని ముందు ఎగిరి గంతేసింది. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"బాపమ్మా, గిది మాకు క్లాసుల పాఠమే. ఏదో దేశంల పందెం కార్ల మీద సిగరెట్ పేరు రాయొద్దన్నరట. కంపెనోళ్లు పేరు తీసేసి రంగుగీతలు ఉంచిండ్రట. గీతలు జూస్తే సాలు, జనానికి పేరు దానంతటదే యాదికొచ్చేదట. మస్తు తెలివని మా సార్ మెచ్చుకున్నడు."

"మరి గిది ఇలాచే గద బిడ్డా. తప్పేమున్నది?"

"ఏమో. తప్పని నేనంటలే," అంది వర్ష. "యాదికొచ్చిందని జెప్పిన, గంతే."

మర్నాడు గంగమణి చందూర్ బస్సెక్కింది. తల్లి కాపురం మొదట్లో ఉన్న ఊరు అది; బోధన్ వచ్చాక కూడా ఏటా నాట్లకు అక్కడికే పోయేది. తల్లితో కలిసి నాట్లేసిన వాళ్లలో ఒక్క అంజవ్వ మాత్రమే మిగిలింది.

వానకాలం నాట్లు సాగుతున్నాయి. బస్సు కిటికీలోంచి చూస్తే మళ్లలో ఆడవాళ్ల బారు ఎక్కడా లేదు. బిహార్ నుంచి వచ్చిన మగవాళ్లు తాళ్లు పట్టుకొని చకచకా నాటుకుపోతున్నారు. గట్టు మీద ఫోనులో వాళ్ల భాష పాట మోగుతోంది. ఇంకో మడిలో యంత్రం నడుస్తోంది.

అంజవ్వ పందిరి కింద నులకమంచం మీద కూర్చొని ఉంది. చూపు ఆనడం లేదు గానీ చెవులు చురుగ్గా ఉన్నాయి, గంగమణి పలకరించగానే గొంతు పోల్చుకుంది.

"ఎవలు? ఈరవ్వ బిడ్డవా? రా, రా. బీడీ ఉన్నదా?"

"లేదవ్వా."

"తేకపోతివి. మా కోడలు తాగనిస్తలేదు." బోసినోటితో నవ్వింది. "ఏం పని మీద వచ్చినవు?"

గంగమణి చెప్పింది. పాలపిట్ట పాట కావాలని, తల్లి నాట్లల్ల పాడింది కావాలని.

"గదా! గదెందుకు రాదు," అంటూ అంజవ్వ మంచం పట్టె మీద తాళం మొదలుపెట్టింది. ఆ వయసులోనూ గొంతు గట్టిగా లేచింది.

*పాలపిట్ట వచ్చె సూడు పొలము గట్టుకూ*
*పాలపిట్ట బీడి సూడు పనికి పాటకూ...*

గంగమణికి నవ్వొచ్చింది. "అవ్వా, గది నేను పాడిన పాట. వ్యాను పాట. అంతకుముందుది జెప్పు."

"అంతకుముందుదేంది? గిదే గద."

"గాదవ్వా. బీడి మాట లేనిది."

అంజవ్వ తాళం ఆపింది. మళ్లీ మొదటి వరుస ఎత్తుకుంది. మళ్లీ బీడీ దగ్గరికే వచ్చింది. ముఖం చిన్నబోయింది. "అవునే. ఇంకోటుండె. ఏందది? వ్యానొచ్చినంక అందరం గదే పాడితిమి. మైకుల మా ఈరవ్వ బిడ్డ పాడుతున్నదని సంబురం. మీ అవ్వ సుత గదే పాడె. నవ్వుకుంట పాడె."

అది విన్నాక గంగమణి నవ్వు ఆగిపోయింది. తన పాటను తల్లి పొలంలో పాడిందన్న సంగతి ఆమెకు ఇంతవరకూ తెలియదు. ముందు సంతోషమే కలిగింది, తరవాత అర్థమైంది. ఊరూరా తిరిగిన తన గొంతు తల్లి నోట్లోని మాటను కూడా తోసేసింది.

ఇద్దరూ మళ్లీ మళ్లీ ఎత్తుకొని చూశారు. కోడలు మక్కగారెలు పెట్టి వెళ్లింది. అంజవ్వ నములుతూ, ఉన్నట్టుండి వంగి, నేల మీద నారు నాటుతున్నట్టు చేయి ఆడించింది. ఒకసారి, ఇంకోసారి. చేతికి గుర్తొచ్చింది నోటికి ఎక్కినట్టుంది.

*నారు కట్ట జారె సూడు నడుము నొప్పికీ*
*నవ్వవే ఓ సెల్లె నువ్వు నాటు సాలుకూ...*

"గదే!" అని గంగమణి అరిచినంత పని చేసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "గదే అవ్వా. నడుం నొస్తే మా అవ్వ గిట్ల నిలవడి, నా దిక్కు జూసి నవ్వేది."

"నొప్పి అందరికీ ఉండె. ఒకలను జూసి ఒకలం నవ్వుకుంటుంటిమి. గంతే మందు," అంది అంజవ్వ. నడిమి వరుస ఒకటి ఉండాలి. అది ఎంత తడిమినా దొరకలేదు.

బస్సు బోధన్ చేరేసరికి ఇంకా ఎండ ఉంది. బస్టాండు బయట గోడకు కొత్త బోర్డు కనబడింది. నీలిరెక్కలు విప్పిన పిట్ట, కింద 'పాలపిట్ట ఇలాచీ', పక్కన నవ్వుతున్న సినిమా మనిషెవరో. తాను పాడబోయే సరుకు రుచి ఎలా ఉంటుందో చూద్దామని గంగమణి పక్కనున్న పాన్ డబ్బా దగ్గరికి వెళ్లింది.

"పాలపిట్ట ఒకటియ్యి కొడుకా."

డబ్బా అతను తలెత్తకుండానే వేలాడుతున్న దండలోంచి ఒక పొట్లం తుంచి ఇచ్చాడు. అదే పిట్ట, అదే నీలం. కింద నోట్లో పుండు పడ్డ మనిషి బొమ్మ. వాసన చూస్తే నమిలే పొగాకు.

"గిది గాదు. ఇలాచీ. బోర్డు మీదున్నది."

అతను అప్పుడు తలెత్తి చూశాడు. వెటకారం లేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. "గది మాకు రాదవ్వా. ఎవలడుగుతరు? బోర్డుకే ఉంటది గది. పాలపిట్ట అంటే గిదే."

ఆమె అక్కడ నిలబడి ఉండగానే కాలేజీ సంచులు తగిలించుకున్న పిల్లలిద్దరు వచ్చారు. "పాలపిట్ట" అన్నారు. ఇంకో మాట అక్కర్లేకపోయింది. పొట్లం చింపి, అరచేతిలో పోసుకొని, కింది పెదవి లోపల పెట్టుకొని వెళ్లిపోయారు. వాళ్లలో ఒకడిని ఆమె గుర్తుపట్టింది. అంగన్‌వాడీలో తన ఒళ్లో నిద్రపోయినవాడే. వాడు ఆమెను చూడలేదు.

ఇంటికొచ్చి భాస్కర్‌కు ఫోను చేసింది. మర్నాడే అతనూ అనిల్‌కుమారూ వచ్చారు.

"నేను పాడనన్నా," అంది.

భాస్కర్ నొచ్చుకున్నాడు. "ఎందుకే? మన బతుకులల్ల మంచి రోజులంటే గవే గద. గా వ్యాను, గా పరదా, మా రాజమల్లు. గదంత తప్పంటవా?"

"తప్పని నేనెందుకంట? గసొంటి రోజులు నాకు మళ్ల రావు. యాదికొస్తే ఇప్పటికీ నవ్వొస్తది. గప్పుడు మనకేం దెల్వదు, బీడి అంటే బీడి అని మొకం మీద జెప్పినం. ఇప్పుడు బోర్డు మీద ఒకటి, డబ్బల ఒకటి. పేరు తీసేసి పాట వెడుతుండ్రు. గా పాట ఇని పిల్లలు ఏం గొంటరో వాళ్లకెరికే."

అనిల్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మా పని మేం చట్టం ప్రకారమే చేస్తాం. మీరు పాడకపోయినా పాట ఆగదు. ట్యూను కంపెనీది. వేరే అమ్మాయితో పాడిస్తారు."

"ట్యూను కంపెనీది ఎట్లయితది బాబూ?" గంగమణికి కోపం కంటే వింతే ఎక్కువగా తోచింది. "మా అవ్వ బురదల నిలవడి పాడింది. ఆమెకు కంపెనంటేనే దెల్వదు."

కుర్రాడు చాయ్ సగం తాగి లేచాడు. గుమ్మం దగ్గర, "నాకైతే మీరే పాడితే బాగుండేది," అన్నాడు మెల్లగా. అతని మీద ఆమెకు జాలి కలిగింది.

దసరా ముందు కార్యక్రమం అనుకున్నట్టే జరిగింది. నిజామాబాద్ రోడ్డులోని ఫంక్షన్ హాలు ఆవరణ నిండిపోయింది. గంగమణి వెళ్లకూడదనుకొని కూడా వర్షతో వెళ్లి, జనం వెనక నిలబడింది. నీలిపిట్ట వ్యాను లైట్ల మధ్య మెరిసిపోతోంది. దాన్ని చూడగానే ఆమె కళ్లు వెనక పరదా కోసం వెతికాయి. భాస్కర్ మెరుపు కోటులో పైకెక్కాడు. కోటు పొట్ట దగ్గర బిగుసుకుపోయింది. అయినా అతను చెయ్యి ఊపిన తీరుకు జనం గొల్లున నవ్వారు.

హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మాయి పాట ఎత్తుకుంది. మంచి గొంతే. రెండో వరుసలో ఆమె "ఇలాచి" అంటుంటే, జనంలోని పెద్దవాళ్లంతా ఒక్క గొంతుతో "బీడి" అన్నారు. అలా అన్నందుకు వాళ్లే నవ్వుకున్నారు. ముందు వరుసల్లోని కంపెనీ వాళ్లూ నవ్వారు. వాళ్ల నవ్వులో కంగారేమీ లేదు, పని అయిన తృప్తి ఉంది. పిల్లలు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

వర్ష కూడా ఫోను ఎత్తింది. ఆమె తీసిన వీడియో, డబ్బాలోని పొట్లం ఫొటో కలిపి జిల్లాలో పొగాకు ప్రకటనల మీద ఫిర్యాదులు తీసుకునే వాళ్లకు పంపింది. కొన్నాళ్లకు కంపెనీకి నోటీసు వెళ్లింది. మేం అమ్మేది ఏలకులే అని కంపెనీ జవాబిచ్చింది. బడి ఎదుట పెట్టిన బోర్డు ఒకటి మాత్రం దించారు. బస్టాండు గోడ మీదిది అలాగే ఉంది. "గింతేనా?" అని వర్ష మండిపడింది. "బడి కాడిది దిగింది గద బిడ్డా," అంది గంగమణి. "మళ్ల రాయి."

పండుగ అయిన వారానికి భాస్కర్ వచ్చాడు. చేతిలో మిఠాయి డబ్బా ఉంది గానీ ముఖంలో మునుపటి హుషారు లేదు. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి అసలు సంగతి చెప్పాడు.

"ప్రోగ్రాం అయిపోయినంక ఒక పిలగాడొచ్చి కాళ్లు మొక్కిండే. 'మా తాత మీ ముచ్చట్లే జెప్పేది సార్' అన్నడు. నోరు దెరిస్తే పండ్లన్ని ఎర్రగ, నల్లగ. ఇంటర్ సదువుతుండట." మిఠాయి డబ్బాను పక్కన పెట్టాడు. "నువ్వు వద్దన్నప్పుడు నాకు కోపమొచ్చింది."

"నాకెరికే. మిఠాయి దీస్కరా, తిందాం."

తిన్నాక ఆమె చందూర్ బయల్దేరుతున్నానని చెప్పింది. నడిమి వరుస ఇంకా దొరకలేదని, అంజవ్వ ఉన్నప్పుడే దొరకాలని. భాస్కర్ తానూ వస్తానన్నాడు. పాటలో మాటలు మార్చింది తానే కాబట్టి, అసలు మాటలు అప్పుడు మేనేజరు గదిలో విన్నవాడు కూడా తానే. ఏమో, ఏదైనా తగలొచ్చు.

పందిరి కింద ముగ్గురూ కూర్చున్నారు. అంజవ్వ పట్టె మీద తాళం వేసింది. భాస్కర్ అడ్డదిడ్డంగా గొంతు కలిపాడు. ఆమె విసుక్కుంది. "నీది గొంతా, తంగెడు పొద మీద గాలా? సప్పుడు జెయ్యకు."

సాయంత్రం దాకా తడుముకున్నారు. మబ్బు మాట ఒకటి ఉండాలని భాస్కర్ అన్నాడు. మబ్బు కాదు, పొద్దు అని అంజవ్వ పట్టుబట్టింది. ఇద్దరూ వాదులాడుకున్నారు. గంగమణి రెండు రకాలుగానూ పాడి చూసింది.

*పైన మబ్బు గట్టె సూడు పడమటింటికీ...*

"ఆఁ," అంది అంజవ్వ, కాసేపు చెవి ఒగ్గి. "గిట్లనే ఉండెనేమో. ఇంకోపారి పాడు."

గంగమణి గొంతు సవరించుకొని మొదటి నుంచి పాడింది. లోపల గిన్నెలు తోముతున్న కోడలు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, గుమ్మానికి ఆనుకొని నిలబడి వింది.